వకీలుకు రాని భాష

"పది లక్షలు ఒకేసారి తీసుకుని విడాకులకు సంతకం పెట్టేయమ్మా," అన్నాడు అరవిందన్ పెట్టుకున్న వకీలు, తమిళంలో.

భార్య కృత్తిక పెన్ను తీసింది.

అరవిందన్, వకీలుకు రాని ఇంటి తెలుగులో, మెల్లగా అన్నాడు: "పెట్టొద్దే. దుడ్డు చేతికొస్తే మీ అన్న వ్యాపారంలో పోసి ముంచుతాడు. పీలమేడు ఇల్లు అడుగు."

"ఇల్లిస్తే మీరెక్కడుంటారు?"

"పోదనూరులో, అమ్మకాడ. థైరాయిడ్ మాత్ర మరిచిపోకుండా వేసుకో."

"మీరిట్లా మాట్లాడి మూడేండ్లాయె." కృత్తిక కళ్లు తుడుచుకుంది.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు వకీలు.

"తిడుతున్నారు సార్," అంది తమిళంలో. "నాకు ఇల్లే కావాలి."

వకీలు అరవిందన్ వైపు జాలిగా చూసి, రాజీకి అవకాశమే లేదని రాసుకున్నాడు.