పొత్తిళ్ల బొంత

తొలి మనవడికై కుడుతున్న బొంత మీద దారం పంటితో కొరికిన నాగేంద్రమ్మ నాలుకకు ఉప్పగా తగిలింది. చూస్తే, అతుకుల నడుమ చిన్న గౌనొకటి.

“ఇదెవరిదే?”

“నేను తెచ్చాను పిన్నిగారూ,” అన్నది ప్రేమావతి. నిరుటి ఉప్పెనలో సర్వమూ పోగొట్టుకొని, దివిసీమ నుంచి తిరువూరులోని అన్న ఇంటికి చేరిన మనిషి. ఈ మధ్యాహ్నపు కుట్టుపనిలోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

“మెత్తని పాతబట్ట తెమ్మంటే ఉతకనిది తెచ్చావేంటమ్మా?”

“ఒకసారి మునిగింది చాలదాండీ? మళ్లీ నీళ్లలో ముంచడానికి చేతులు రాలేదు.”

నాగేంద్రమ్మ బొంతను ఒడిలోంచి పక్కకు జరిపింది. ఉప్పెనలో పోయిన కూతురి గౌను పసివాడి పక్కలోకా?

ఆ ముఖం చూసి ప్రేమావతి తలవంచింది. “తప్పేనండీ. బాబు పక్కనుంటే దానికి వెచ్చగా ఉంటుందనుకున్నాను. విప్పేస్తాను.”

ఆమె కుట్టు విప్పసాగింది. లోపల ఉయ్యాలలో మనవడు మూలిగాడు. నాగేంద్రమ్మ అటు చూసింది. గౌను వంక చూసింది. అంతలో ప్రేమావతి చేయి పట్టుకొని ఆపింది.

“దాని పేరేంటమ్మా?”

“కరుణ.”

నాగేంద్రమ్మ తన పాతచీర మడతొకటి తీసి, గౌను మీద మెడదాకా కప్పి, సూదిలో దారం ఎక్కించింది.

“మా మెట్టన చలెక్కువ. ఆ అంచు పట్టుకో.”