ఆ తలుపు ఎవరు మూశారు?

"కాస్త కుదురుగా కూర్చో అన్నయ్యా! నువ్వు ఊగుతుంటే నా కుర్చీ కూడా ఊగిపోతోంది," అంది చెల్లెలు.

అన్న వినలేదు. ముందు వరసలో ఒక తెల్లగడ్డాన్ని చూశాడు. పక్క వరసలో ఒక బట్టతలను చూశాడు. మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"ఎవరి కోసం ఆ వెతుకులాట?"

"రచయిత కోసం. ఇవాళ మామూలు టికెట్ కొనుక్కుని ఈ హాల్లోనే కూర్చుంటారని దర్శకుడు టీవీలో చెప్పాడు."

"మొహం తెలుసా?"

"ఎవరికీ తెలీదు. తెర మీద కలంపేరు తప్ప ఒక్క ఫోటో కూడా లేదు."

"మరి ఎలా పట్టుకుంటావ్?"

"అంత కథ రాసినవాడి మొహం చూస్తే తెలీదూ?"

కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకుని రోజంతా మొహాలు చూసే మనిషి. ఆ ధీమా అతనిది.

అంతరిక్ష నౌక సినిమాల్లో ఇది నాలుగోది. మూడోది వచ్చి ఇరవై రెండేళ్ళయింది. దాని చివర్లో నౌక తలుపు మూసుకుంటుంది. కెప్టెన్ లోపల ఉంటాడు. అతన్ని నాన్నా అని పిలిచే పాప ఆ పరాయి గ్రహం మీదే ఉండిపోతుంది.

తలుపు ఎవరు మూశారో సినిమా చెప్పలేదు.

అది చూసినప్పుడు అన్నకి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయిన ఏడాది అది.

"ఒక్క మాట అడగాలి," అన్నాడు అన్న. "కెప్టెనే మూశాడా అని. అంతే."

"అడుగు. నువ్విప్పటికీ స్నానాలగదికి గడియ పెట్టవని కూడా చెప్పు. లోపల నువ్వున్నావేమోనని పాపం వదిన ఇంట్లో దగ్గుకుంటూ తిరుగుతోంది."

దీపాలు ఆరిపోయాయి.

తెర మీద కెప్టెన్ ముసలివాడయ్యాడు. వెతుక్కుంటూ వచ్చిన కుర్ర పైలట్‌ని కూర్చోమన్నాడు.

"బల్ల మీద రెండు కప్పులెందుకని అడగవేం?"

ఆ మాట తెర మీద నుంచి రాలేదు. వెనక సీట్లోంచి గుసగుసగా వచ్చింది.

మరుక్షణం కెప్టెన్ అదే మాట అన్నాడు.

అన్న వెనక్కి తిరిగాడు. ఒకావిడ. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది.

"కొంచెం నెమ్మదిగా పిన్నిగారూ."

"అయ్యో, ఏమనుకోకు బాబూ. నోరు ఊరుకోదు."

ఊరుకోలేదు కూడా. పైలట్ నవ్వకముందే ఆవిడ నవ్వింది. కెప్టెన్ తిట్టకముందే ఆవిడ తిట్టింది.

"పిన్నిగారూ! మేమూ టికెట్ కొనుక్కునే వచ్చాం. అంతా మీరే ముందు చెప్పేస్తే ఇంక మేం చూసేదేముంది?"

"నిజమే," అని ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీలే అన్నయ్యా, పెద్దావిడ."

"పెద్దావిడైతే ఇంట్లో కూర్చోవాలి."

ఇంతలో నౌక ఆ పాత గ్రహం మీద దిగింది. అన్న కుర్చీ అంచుకి జరిగాడు.

"ఆ రోజు తలుపు మూసింది మీరేనా?" అని పైలట్ అడిగాడు.

వెనకావిడ చేతిరుమాలు జారినట్టుంది.

"నేను కాదు. పాపే మూసింది, బయటినుంచి. నేను బతకాలని."

తెర మీద కెప్టెన్ నోరు తెరిచాడు. ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. సంగీతం మొదలైంది. సీను మారిపోయింది.

"లేదే!" అని ఆవిడ లేచి నిలబడింది. ఈసారి గుసగుస కాదు. "ఆ మాట లేదే!"

"కూర్చోండమ్మా!" అని నాలుగు వైపులా కేకలు.

అన్నకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కాచుకున్న క్షణం కాస్తా చేతిలోంచి జారిపోయింది.

"రాలేదుగా? మీ ఊహలన్నీ ఇంటిదగ్గర చెప్పుకోండి! ఏయ్, గేట్ దగ్గర ఎవరయ్యా? ఈవిణ్ణి బయటికి పంపుతారా, మమ్మల్నందర్నీ పొమ్మంటారా?"

గేటు మనిషి టార్చి పట్టుకుని వచ్చాడు. ఆవిడ పేచీ పెట్టలేదు. సంచి తీసుకుని వరసలోంచి బయటికి వచ్చి, అన్న పక్కన ఆగింది.

"నీకా మాట నచ్చలేదా బాబూ?"

"అసలా మాట సినిమాలోనే లేదండీ!"

"అవును," అని ఆవిడ టార్చి వెలుగు వెంట వెళ్ళిపోయింది.

సినిమా అయిపోయింది. తలుపు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

దీపాలు వెలగగానే అన్న తెల్లగడ్డం వెంట పడ్డాడు. మెట్ల దగ్గర పట్టుకున్నాడు. ఆయన పళ్ళ డాక్టరు. బట్టతలాయన పొరపాటున ఈ హాలుకి వచ్చాడట, సినిమా అంతా నిద్రపోయాడు.

"ఇన్నేళ్ళు ఆగితే జవాబే చెప్పలేదే! కనిపించాలి, మొహం మీదే అడుగుతాను," అన్నాడు అన్న.

చెల్లెలు మెట్ల మీద ఆగిపోయింది.

"అన్నయ్యా, ఈ సినిమా ఇంతకుముందు ఎక్కడైనా వేశారా?"

"ఎక్కడ వేస్తారే? లోకం మొత్తానికి ఇదే మొదటి ఆట."

"మరి ఆవిడకి మాటలన్నీ ముందే ఎలా తెలిశాయి?"

అన్న చేతిలో బండి తాళాలు అలాగే ఉండిపోయాయి.

తర్వాత పరుగెత్తాడు. మనుషుల్ని తోసుకుంటూ, తిట్లు తింటూ గేటు దాకా పరుగెత్తాడు.

"ఇందాక బయటికి పంపావే, ఆవిడ ఎటు వెళ్ళింది?"

"ఎప్పుడో వెళ్ళిపోయింది సార్. ఎటో నేను చూళ్ళేదు," అన్నాడు గేటు మనిషి. "పాపం, మతి సరిగ్గా ఉన్నట్టు లేదు. లోపలికి పంపలేనుగానీ తలుపు సందులోంచి మిగతాది చూడండమ్మా అంటే, ఈ నాలుగు సినిమాలూ రాసింది ఆ ఒక్క మాట కోసమే బాబూ, దాన్నే తీసేశారు, ఇంక చూడ్డానికేముంది అంది."