గురక కాదు బిడ్డా

శామీర్‌పేట దాటాక ఉన్న కల్లు కాంపౌండుకు ఆ నెలలో అంబులెన్సు రావడం అది నాలుగోసారి.

ఫోన్ చేసింది మళ్లీ లచ్చయ్యే. గోడవారన కూర్చుని, పడిపోయిన మనిషి తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ మనిషి కక్కిన కల్లు లచ్చయ్య చొక్కా నిండా ఉంది.

"గురక వెడుతుండని అందరు నవ్వుతున్నరు. గురక కాదు బిడ్డా, నిమిషానికి ఐదుసార్లే పీలుస్తుండు. లెక్కవెట్టిన."

అంబులెన్సులో వైద్యం చేసే అమ్మాయి కెజియా. కల్లులో కలిపే నిద్రమందు ఎక్కువైతే శ్వాస అలాగే మందగిస్తుందని ఆమెకు తెలుసు. వెంటనే మాస్కు పెట్టి గాలి అందించింది.

మనిషి బతికాడు. లచ్చయ్యను మాత్రం ఎవరూ పలకరించలేదు. తాగుబోతుకు ఇంకో తాగుబోతు తోడు, అంతే కదా.

"గీ ముసలాయన ఇల్లు గీడనే ఉన్నట్టుంది మేడం," అన్నాడు డ్రైవర్ విక్టర్. కెజియా కూడా నవ్వింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం కల్లు అమ్మే యాదయ్య ఫోన్ చేశాడు.

"లచ్చయ్య పడ్డడు. జల్దీ రాండ్రి."

వెళ్లేసరికి అదే గోడకు ఒరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. ఒళ్లంతా చెమట. చొక్కా నుంచి కల్లు వాసన గుప్పుమంటోంది.

కెజియా సంచిలోంచి షుగర్ చూసే మిషన్ తీయబోయింది.

"షుగరెందుకు మేడం, వాసన సాలదా? ఇయ్యాల ఈయనకే ఎక్కువైంది," అన్నాడు విక్టర్.

ఆమెకూ అలాగే అనిపించింది. చెమట ఎండకే అనుకుంది. సంచి మూసేసింది. అందరి శ్వాసా లెక్కపెట్టిన మనిషికి ఆ రోజు ఎవరూ లెక్కపెట్టలేదు. పెట్టి ఉంటే శ్వాస మామూలుగానే ఉందని, ఇది కల్లు పని కాదని తెలిసేది.

పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి మేడ్చల్ తీసుకెళ్లారు. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి.

"షుగర్ పద్దెనిమిదే ఉంది," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "అక్కడే గ్లూకోజ్ ఎక్కించి ఉంటే లేచి కూర్చునేవాడమ్మా."

గంట తిరక్కుండానే లచ్చయ్య పోయాడు.

భార్య రుక్కమ్మ షేర్ ఆటోలో వచ్చింది. కెజియా ఆమె మొహం చూడలేక, చేతిలోని కాగితం చూస్తూ అడిగింది.

"రోజూ ఎంత తాగేవాడమ్మా?"

"తాగుడేంది బిడ్డా? పొద్దుగాల ఎవలో పడ్డరని ఫోనొస్తే, షుగర్ సూది ఏస్కొని బువ్వ తినకుండనే ఉరికిండు."

రుక్కమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"మూడేండ్ల కింద మా శివ గా గోడకాడ్నే పండి లేవలే, గురక వెడుతుండనుకున్నరందరు, గప్పటిసంది ఇంకొకల్ల కొడుకు అట్ల పోవద్దని ఈయన దినాం ఆడ కావలి కూసుంటుండు, కల్లు సుక్క గూడ ముట్టకుంట."