ఎవరు తగిలించారు?

"ఎవరు తగిలించారు దీన్ని మా ఆయన వీపుకి? వాడెవడో చెప్పండి!"

ఆమె అరుపుకి ఫైర్ స్టేషన్‌లో అందరూ చేతిలో పని వదిలేసి చూశారు. ఆమె వేలు ఆఫీసర్ గదిలో గోడవార పెట్టిన గాలి సిలిండర్ వైపు ఉంది. పొగలోకి దిగేటప్పుడు వీపున వేసుకునేది. గోడౌన్ మంటల్లో ఇరుక్కున్న కూలీని తేవడానికి ఆమె భర్త దాంతోనే లోపలికి వెళ్లాడు. కూలీ బయటపడ్డాడు. ఆయన మాత్రం గాలి అందక కూలిపోయాడు. ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు.

"అమ్మా, కాస్త కూర్చోండి," అన్నాడు ఆఫీసర్.

"కూర్చోడానికి రాలేదు. దాని మెడ మీద తేదీ కొట్టి ఉంది, నాకూ చదవడం వచ్చు. టెస్టు గడువు ఎప్పుడో దాటిపోయింది. నీళ్లు నింపి, ప్రెషర్ పెట్టి చూడకుండా వీటిని వాడకూడదని మా ఆయనే చెప్పేవాడు."

"టెస్టుకి పంపుదామని పైవాళ్లని అడుగుతూనే ఉన్నామమ్మా. అనుమతి రాలేదు. లోపలి తుప్పు రాలి వాల్వుకి అడ్డం పడింది..."

"మీ గదిలో ఏసీ సర్వీసింగుకి మాత్రం అడక్కుండానే వస్తుంది అనుమతి!"



ఆమె తమ్ముడిదీ అక్కడే ఉద్యోగం. ఆ రోజు బావతో కలిసి మంటల్లోకి వెళ్లింది అతనే. వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, పద. బావ దగ్గర ఎవరూ లేరు."

ఆమె విదిలించి కొట్టింది. "నువ్వూ వీళ్ల వైపేనా? పక్కనే ఉండి నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని చూశావా? గ్యాస్ ట్యూబు తేదీ దాటితే నన్ను పొయ్యి కూడా వెలిగించనివ్వడు మీ బావ. అలాంటి మనిషి తెలిసి తెలిసి ఇది వేసుకుంటాడా? ఎవడో అంటగట్టాడు. వాణ్ని జుట్టు పట్టుకుని ఆసుపత్రిదాకా ఈడ్చుకెళ్తాను!"

ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది.

"చెప్పరేం? ఎవడి వంతుకి వచ్చిన దరిద్రాన్ని ఆయన మీదకి తోశారు?"

తమ్ముడు మళ్లీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నా వంతుకొచ్చిందే అక్కా... గోడౌన్ గుమ్మం దగ్గర తేదీ చూసి, బావే నా వీపు మీంచి లాగేసుకుని తనది నాకు తగిలించాడు."