రెండు గదుల సర్వర్

రెండో సాఫ్ట్‌వేరే బాగుందని తేలిపోయింది. ఆ ఉదయం రోహిణికి టిఫిన్ సహించలేదు.

పిడుగురాళ్లలో అన్నదమ్ములు నడిపే సున్నం కంపెనీ అది. అన్న సాంబశివరావు కుడి గదిలో, తమ్ముడు శ్రీమన్నారాయణ ఎడమ గదిలో కూర్చుంటారు. నడుమ వసారాలో రోహిణి బల్ల.

తొమ్మిదేళ్ల కిందట ఊళ్లో సర్పంచి ఎన్నికలొచ్చాయి. ఇద్దరూ చెరో పక్షాన నిలబడి మాటలు మానేశారు. బట్టీలు ఉమ్మడిగానే ఉన్నాయి, మాటలే వేరుపడ్డాయి. శివరాత్రికి కోటప్పకొండకు కూడా వేర్వేరు కార్లలోనే వెళతారు.

దాంతో ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. భర్త పోయి, ఆరేళ్ల కూతురు భవిత చెయ్యి పట్టుకుని దిక్కులు చూస్తున్న రోహిణికి ఆ పని దొరికింది.

ఏ బట్టీ వెలిగించాలి, ఏ లారీ ముందు కదలాలి, ఎవరికి సెలవు, అన్నీ ఆమె నోటి మీదుగానే నడిచేవి. "ఆ మొండోడికి చెప్పమ్మా" అని పెద్దాయన అంటే, ఆమె అటు వెళ్లి "అన్నగారు చెప్పమన్నారండీ" అనేది. ఈ మధ్య చిన్నాయన సగం వినకముందే "సరే, నాలుగో బట్టీ ఆపమను" అనేస్తున్నాడు. ఇన్నేళ్లయ్యాక అన్న మనసులో ఏముందో ఆ మాత్రం తెలియదా అనుకునేది రోహిణి.

ఇప్పుడు ఫణీంద్ర దిగబడ్డాడు. నరసరావుపేటలో కంప్యూటర్ల షాపు అతనిది. కంపెనీ పనులన్నీ ఒకచోట నడిపే సర్వర్ కోసం రెండు సాఫ్ట్‌వేర్లు తెచ్చాడు. మొదటిది పాతకాలపుది. ఒక మనిషి కూర్చుని అన్నీ ఎక్కించాలి, ఇద్దరు యజమానులకూ కాగితాలు తీసి ఇవ్వాలి. రెండోది వాళ్ల ఫోన్లలోకే వస్తుంది. ఆర్డర్లు, అనుమతులు, ఒకరికొకరు పంపుకునే మెసేజీలు, అన్నీ నేరుగా.

"అక్కా, ఇది పెట్టామనుకో, మధ్యలో మనిషితో పనే లేదు" అన్నాడు ఉత్సాహంగా. అని, నాలుక కరుచుకున్నాడు.

రోహిణి నవ్వింది. నవ్వకపోతే ఏం చేస్తుంది?

పది రోజులు రెండూ నడిపి చూశారు. మొదటిది రోజుకు రెండుసార్లు ఆగిపోయింది. లారీ డ్రైవర్లు గేటు దగ్గర హారన్లు మోగించి చంపారు. రెండోది ఒక్కసారీ మొరాయించలేదు. సత్తెనపల్లి హాస్టల్ నుంచి భవిత ఫోన్ చేసి, "అమ్మా, ఈ ఆదివారం వస్తావా? సెలవిస్తారా?" అని అడిగింది. ఇక ఏ రోజైనా రావచ్చులే అనబోయి రోహిణి మాట మింగేసింది.

పదకొండో రోజు నిర్ణయం చెప్పాలి. ఆమె ముందు కుడి గదిలోకి వెళ్లింది.

"రెండోది బాగుందండీ" అంది, తన నోటితో తనే. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు.

సాంబశివరావు కస్సుమన్నాడు. "ఏందమ్మా బాగుండేది? ఈ వయసులో ఫోన్లు నొక్కుకుంటా కూర్చోమంటావా నన్ను? మొదటిదే పెట్టమను. వాడు ఒప్పుకున్నా ఇదే, ఒప్పుకోకపోయినా ఇదే. పోయి చెప్పు."

ఎడమ గదిలో శ్రీమన్నారాయణ బల్ల మీద గుద్దాడు. "ఆయన నాకు చెప్పేదేంది? నాక్కూడా మొదటిదే కావాల. నా అంతట నేనే అనుకున్నానని చెప్పు!"

ఫణీంద్ర నెత్తి గోక్కున్నాడు. "రోజుకి రెండుసార్లు ఆగిపోయేదాన్ని ఎవరన్నా కోరి పెట్టించుకుంటారా అక్కా? వీళ్ల పంతాలు పాడుగాను."

రోహిణి కళ్లు తుడుచుకుంది. ఉద్యోగం నిలిచింది. ఈ పగ ఇంకో పదేళ్లు చల్లారకూడదని త్రికోటేశ్వరస్వామికి మొక్కుకుంది. మొక్కుకున్నాక చాలా సిగ్గేసింది. తన బిడ్డ కోసం ఒకరింట్లో చిచ్చు కోరుకుంటోంది, ఎంత పాపం!

ఫణీంద్ర వెళుతూ, అన్ని పేజీలూ తెరుచుకునే పాస్‌వర్డ్ రాసిచ్చాడు. "రెండో సాఫ్ట్‌వేర్లో మనం ఎక్కించినవన్నీ తీసేయాలక్కా. కావాల్సినవి ఏమన్నా ఉంటే ముందు చూసుకో."

లారీల వివరాలు, కూలీల హాజరు ఒక్కొక్కటే చూసి తుడిచేసింది. ఆఖరుకు మెసేజీల పేజీ మిగిలింది. పది రోజులకు కలిపి అందులో ఉన్నది ఒక్కటే. నిన్న సాయంత్రం అన్న తమ్ముడికి పంపింది. తిట్లే అయ్యుంటాయనుకుంటూ తెరిచింది.

"తమ్ముడూ, ఇది చానా బాగుంది గానీ, రేపు ఇద్దరం మొదటిదే కావాలని అరుద్దాం, రెండేళ్ల కిందటే కొండ మీద మనం కలిసిపోయామని తెలిస్తే, రోహిణి తనకిక్కడ పని లేదని వెళ్లిపోద్ది."