తీగ మీది మాట

"కాజీపేట పోస్టు మీద నీ ఒక్కని కన్నే లేదు సాల్మన్. ఎర్రవాగు మల్లికార్జున్ కూడ పొద్దుగాల్నుంచి మూడుసార్లు ఫోన్ చేసిండు, గదే పోస్టు గురించి. బండ్ల పరేషాన్ల ఉండి ఆయన మాట పూర్తిగ వినకుండనే పెట్టేసిన" అన్నాడు కంట్రోలర్ రాజేశ్వర్ రావు.

చిన్నగుట్ట స్టేషన్‌లో ఫోను పట్టుకుని నిలబడ్డ స్టేషన్ మాస్టరు సాల్మన్‌కు గుండె జారింది. పక్క స్టేషన్ మల్లికార్జున్ తనకన్నా నాలుగేళ్లు సీనియర్. అతను అడిగితే తన వంతు రాదు. వెనక క్వార్టర్‌లోంచి కూతురు హన్నా ఆయాసం స్టేషన్ గదిదాకా వినిపిస్తోంది. అయిదేళ్ల పిల్ల. పోయిన నెల ఊపిరి అందక పెదవులు నల్లబడితే, గూడ్సు బండిని ఆపి దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ దవాఖాన ఉన్నది కాజీపేటలోనే.

అడగందే అమ్మైనా పెట్టదని, రెండేళ్లుగా సాల్మన్ ఆ ఫోను తీగనే నమ్ముకున్నాడు. కంట్రోల్ ఆఫీసుకూ దారి పొడవునా ఉన్న చిన్న స్టేషన్లకూ కలిపి ఉన్నది అదొక్కటే తీగ. రాజేశ్వర్ రావును అతను ఒక్కసారైనా చూసింది లేదు. మొహం చూసి బొట్టు పెడతారంటారు. తీగ మీద మొహం కనబడదు గనక సాల్మన్ గొంతునే ముస్తాబు చేసుకున్నాడు. డ్యూటీ ఎక్కగానే గుడ్ మార్నింగ్, సారు కూతురి పరీక్షలప్పుడు ప్రార్థన చేస్తున్నామని కబురు, కాలం వస్తే గార్డు చేతికి సీతాఫలాల బుట్ట. అంత కష్టపడి వేసిన దారిలో ఇప్పుడు మల్లికార్జున్ అడ్డొచ్చాడు.

మల్లికార్జున్ రోజూ బండి వదిలానని చెప్పి, ఫోను పెట్టేసే ముందు "బిడ్డకెట్లున్నది తమ్మీ" అని అడిగేది ఇందుకా, నా అవసరం ఎంత ముదిరిందో కొలుచుకోవడానికా అనుకున్నాడు సాల్మన్.

"సార్, ఒక మాట చెప్త. నా పేరు మాత్రం రానియ్యకుండ్రి."

"చెప్పు."

"మల్లికార్జున్ డ్యూటీల తాగుతాండు సార్. పెద్ద జంక్షన్ల అసొంటోన్ని పెడితే ఎట్ల?"

మల్లికార్జున్ కల్లు కూడా ముట్టడని సాల్మన్‌కు తెలుసు. తెలిసే అన్నాడు.

ఆ తీగ మీద ఇద్దరు మాట్లాడుతుండగా మూడో మనిషి ఫోను ఎత్తితే మాట సన్నబడుతుంది. అప్పుడూ సన్నబడింది. ఏ గేటు దగ్గరివాడో ఎత్తి ఉంటాడని సాల్మన్ పట్టించుకోలేదు.

"మంచిది, సూస్త" అని రాజేశ్వర్ రావు పెట్టేశాడు.

నెల తిరగకుండా ఆర్డరు వచ్చింది. కాజీపేట, సాల్మన్ పేరు మీద. భార్య లిదియా ఆర్డరు కాగితాన్ని బైబిల్లో పెట్టి మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెప్పింది. పక్కన కూర్చున్న సాల్మన్‌కు ఆమెన్ అనడానికి నోరు రాలేదు.

సామాను కట్టుకుని పాసింజరెక్కారు. ఎర్రవాగులో బండి ఆగితే సాల్మన్ తల వంచుకున్నాడు. కాసేపటికి ఓరగా చూస్తే, ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకున్నది ఎవరో కొత్త మనిషి. బతికాననుకున్నాడు.

కాజీపేటలో ముందుగా సీతాఫలాల బుట్టతో రాజేశ్వర్ రావు దగ్గరికి పోయాడు. తీగ మీద అంత గంభీరంగా పలికే గొంతు ఇంత బక్కమనిషిదా అని ఆశ్చర్యపోయాడు.

"మీ మేలు జన్మల మర్చిపోను సార్."

"నా మేలేం లేదు. నీకు సిఫారసు చేసినోడు వేరే."

"ఎవరు సార్?"

"మల్లికార్జున్."

సాల్మన్ బుట్ట కింద పెట్టాడు.

"ఆ దినం మూడుసార్లు ఫోన్ చేసింది నీ కోసమేనట. నేనే వినకపోతి. తెల్లారి కాయితం రాసి గార్డుతోని పంపిండు. అది నాకు అందేటాలకు రెండు దినాలైంది. ఆ లోపట్నే నేను నీ మాట పైకి చెప్పేసిన" అన్నాడు రాజేశ్వర్ రావు. తర్వాత గొంతు తగ్గించాడు. "నిజంగ తాగుతడా ఆయన?"

సాల్మన్ తల అడ్డంగా ఊపాడు.

"పెద్దసార్లు సంజాయిషీ అడిగితే ఒక్క మాట ఎదురు చెప్పలే. అడవి సెక్షన్‌ల పడేసిండ్రు."

"జర ఫోన్ కలపుండ్రి సార్. ఒక్కసారి మాట్లాడాలె" అన్నాడు సాల్మన్. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ సెక్షన్ తీగ వేరు. ఈడికెల్లి కలవది."

రాజేశ్వర్ రావు సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. గుండ్రటి చేతిరాత. సీనియారిటీ ప్రకారం కాజీపేట పోస్టు తనకే రావాలనీ, తనకు వద్దనీ, చిన్నగుట్ట సాల్మన్ బిడ్డకు ఊపిరి కష్టంగా ఉంది గనక అతనికి ఇవ్వమనీ రాసి ఉంది. సంతకానికి పైన ఇంకో వాక్యం ఉంది.

"బిడ్డ ప్రాణం మీదికొచ్చిన తండ్రి ఏమైనా అంటాడు సార్, నిన్న లైన్లో అతను నా గురించి అన్న మాట నేను వినలేదు, మీరూ వినలేదు."