డెఫినెట్లీకి ఓటెయ్యండి

ఇంగ్లీషు మాటల్లో తప్పొప్పులను సాయంత్రం ఆరు గంటల ఓటు తేల్చే రోజులు వచ్చేశాయి. ఫోన్లలో ఎక్కువమంది ఏ స్పెల్లింగుకు ఓటేస్తే అదే ఒప్పు, మర్నాటి ఓటు దాకా.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిన హారికకు ఆ రోజు కాలు నిలవలేదు. కూతురు రిషిత బడి ప్రవేశ పరీక్షలో ‘డెఫినెట్లీ’ రాయాల్సి వచ్చింది. దిద్దేనాటికి ఏది ఒప్పయితే దానికే మార్కు, ఆ మార్కుతోనే సీటు. దిద్దేది ఎల్లుండే అయినా ఆత్రం ఆగక, తను నేర్పిన స్పెల్లింగు కోసం హారిక అపార్ట్‌మెంటంతా తిరిగింది.

"వదినా, నా డెఫినెట్లీకి ఓటెయ్యి, నీకు పుణ్యముంటుంది!"

మూడో అంతస్తులో కామేశం మాస్టారు తలుపు సగమే తీశారు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన ఆయనకు, ఆన్‌లైన్‌లో జనం రాతలు చూస్తే బీపీ.

"ఊరంతా గాడిదను గుర్రమంటే గుర్రమైపోతుందా అమ్మాయ్? నా ఓటు పాతదానికే."

"ఆ పాతదీ ఒకప్పుడు నలుగురూ కలిసి ఒప్పుకున్నదే కదా మాస్టారూ!"

ఆయన ఠపీమని తలుపేసుకున్నారు.

ఆరింటికి హారిక స్పెల్లింగే గెలిచింది! కేకలేస్తూ రిషితను ఎత్తుకుని మెట్ల మీదే గిరగిరా తిప్పింది.

"అమ్మా, తిట్టనంటే చెప్తా," అంది పిల్ల. "నేను మాస్టారు మొన్న నేర్పిన పాతదే రాసేశా."

హారిక పిల్లను దబ్బున కిందకు దించేసింది. మరుక్షణమే కళ్ళు మెరిశాయి. దిద్దేలోపు రేపు ఇంకో ఓటుంది! పిల్లను చంకనేసుకుని పైకి పరిగెత్తి తలుపు బాదింది.

"మాస్టారూ, చెప్పులేసుకోండి! ప్రతి గుమ్మానికీ మళ్ళీ వెళ్ళాలి, పాతదే ఒప్పని మీరు చెప్పాలి, పక్కన నేనుంటా!"